కంపెనీకి ఇంటి వకీలు, మన వాడకు ఎవరు?

2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కక్షిదారులకు సలహా ఇచ్చినందుకు ఇద్దరు సీనియర్ వకీళ్లకు ఈడీ సమన్లు పంపితే దేశమంతా వకీళ్లు లొల్లి చేశారు. కోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకున్నది. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాటను బయటపెట్టమని పోలీసులు గానీ, మరో దర్యాప్తు సంస్థ గానీ ఆ వకీలును పిలవటానికి వీల్లేదని, చట్టంలో రాసిన మినహాయింపులు మాత్రమే దీనికి ఉంటాయని తేల్చింది. మంచిదే. రేపు మన మీద కేసులు బనాయిస్తే మన వకీలును బెదిరించకుండా ఈ తీర్పు అక్కరకొస్తుంది.

అదే తీర్పులో ఇంకో ముక్క ఉన్నది. కంపెనీల్లో నెల జీతం మీద పనిచేసే వకీళ్లకు ఈ రక్షణ వర్తించదని కోర్టు చెప్పింది. వాళ్లు కోర్టులో వాదించే అడ్వొకేట్లు కాదు, కంపెనీ ఉద్యోగులు. జీతమిచ్చే యజమానికి, జీతం తీసుకునే వకీలుకు నడుమ నడిచిన మాటను కక్షిదారు మాటగా లెక్కగట్టలేమన్నది. 2010లో యూరప్‌లోని పెద్ద కోర్టు కూడా అక్జో నోబెల్ అనే కంపెనీ కేసులో, గుత్తవ్యాపారం మీద జరిగే దర్యాప్తుల విషయంలో, దాదాపు ఇదే మాట చెప్పింది.

ఇది కంపెనీలోళ్ల గొడవ, మాదిగవాడకు, మాలపల్లెకు, పాతబస్తీ గల్లీకి దీంతోటి ఏం పని అని కొందరు మిత్రులు అడగొచ్చు. పనున్నది. చాలా పనున్నది. ఎందుకంటే ఇవాళ మన పిల్లగాని కూలి, మన అక్క కొలువు, డ్రైనేజీలో దిగిన మన అన్న ప్రాణం ఖరీదు రాసేది ఆ జీతం వకీలే.

మన పెద్దోళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణ పల్లెల్లో దొర గడిలో కర్ర పట్టినోడు ఒకడుండేవాడు, కలం పట్టినోడు ఒకడుండేవాడు. కర్ర దెబ్బ మానింది గానీ కలం దెబ్బ మానలేదు. పట్వారీ పహాణీలో ఒక గీత గీస్తే తాత దున్నిన చెలక మనుమనికి దక్కకుండా పోయింది. భూమి పోయిన రోజు మనకు తెల్వదు. పదేండ్లకో ఇరవై ఏండ్లకో కచేరీ మెట్లెక్కితే 'కాగితంలో నీ పేరు లేదు' అన్నరు. 1984లో ఎన్టీఆర్ సర్కారు ఆర్డినెన్సు తెచ్చి పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారీ పోయిండు. ఉన్నోని ఇంట్లో కూసోని లేనోని బతుకు రాసే కలం మాత్రం పోలేదు. అది గడి నుంచి అద్దాల మేడకు చేరింది.

ఒకప్పుడు కంపెనీలకు వకీలు బయట ఉండేవాడు. తగాదా వచ్చినప్పుడు ఫీజిచ్చి పిలిచేటోళ్లు. లోపల ఒక లా ఆఫీసరు ఉన్నా ఫైళ్లు మోయటం, వాయిదాలు రాసుకోవటమే ఆయన పని. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అనే పెద్ద కంపెనీ 1987లో బెంజమిన్ హైన్‌మన్ అనే పేరుమోసిన వకీలును లోపలికి తెచ్చుకుని కంపెనీ పెద్దల సరసన కూసోబెట్టింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ ఆ తోవ పట్టినయి. మన దేశంలో 1991 సరళీకరణ తర్వాత, మన హైదరాబాద్‌లో హైటెక్ సిటీ లేచిన తర్వాత, లీగల్ డిపార్ట్‌మెంట్ లేని పెద్ద కంపెనీ కనబడదు. ఈ వకీలు నల్లకోటు తొడగడు. బార్ కౌన్సిల్ నియమం 49 ప్రకారం పూర్తికాలం జీతగాడు అడ్వొకేటుగా ప్రాక్టీసు చెయ్యకూడదు. సనదు పక్కన పెట్టాలె. కోర్టులో మనకు కనబడడు కాబట్టి ఆయన మీద మన దృష్టి పోదు. మూసీ ఒడ్డున హైకోర్టు, పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు, రెండూ మన పాతబస్తీలోనే ఉన్నయి. అక్కడ నడిచే వాదన మనకు వినబడుతుంది. ఆ వాదన గెలిచే కాగితం మాత్రం ఎన్నో ఏండ్ల ముందే, ఊరికి అవతలి కొసన తయారైతుంది.

ఈ మార్పే మనం అర్థం చేసుకోవాలె. పాత వకీలు తగాదా వచ్చినంక వచ్చేటోడు. ఈ కొత్త వకీలు తగాదాకు ముందే ఉంటడు. తగాదా వస్తే ఎవరు ఓడిపోవాలెనో ముందే రాసిపెడతడు.

కాంట్రాక్టు కార్మికుల సంగతి తీసుకుందాం. 1996లో సుప్రీంకోర్టు ఎయిర్ ఇండియా కేసులో ఒక తీర్పిచ్చింది. సర్కారు కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసిన పనుల్లో ఉన్న కార్మికులు అసలు యజమాని కిందికే వస్తారన్నది. ఊడ్చేటోళ్లు, కాపలా కాసేటోళ్లు అంతా సంబురపడ్డరు. ఆ సంబురం ఐదేండ్లు కూడా నిలవలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికుడు తనంతట పర్మనెంటు కాడని చెప్పింది. ఒక్క సందు మాత్రం మిగిల్చింది. ఆ కాంట్రాక్టే ఉత్త నాటకమని, నడుమ కాంట్రాక్టరు బొమ్మ మాత్రమేనని రుజువు చేస్తే కార్మికుడు అసలు యజమాని మనిషే.

అప్పటి నుంచి కంపెనీ లోపలి వకీలు పనేమిటి? నాటకం నాటకంలా కనబడకుండా చూడటం. హాజరు పుస్తకం కాంట్రాక్టరు పేరు మీద ఉండాలె. గుర్తింపు కార్డు మీద కాంట్రాక్టరు పేరే ఉండాలె. పని చెప్పేది కంపెనీ మేనేజరే అయినా నడుమ కాంట్రాక్టరు సూపర్‌వైజరును నిలబెట్టాలె. రెండు మూడేండ్లకోసారి కాంట్రాక్టరును మార్చాలె. అదే అక్క, అదే చీపురు, అదే అంతస్తు. కాగితం మీద మాత్రం ఆమె ప్రతిసారీ కొత్త మనిషి, నిన్న పనిలో చేరిన మనిషి.

మా బస్తీ పిల్లగాడొకడు ఒక పెద్ద ఆఫీసులో హౌస్‌కీపింగుకు కుదిరి, తనతోటి సంతకం చేయించుకున్న కాగితం తెచ్చి చూపించిండు. పేజీల కొద్దీ ఇంగ్లీషు. వాడు పదో తరగతి తెలుగు మీడియం. 'ఏమున్నది సార్ ఇందులో?' అంటే చదివి చెప్పిన. నేను కంపెనీ మనిషిని కాను, కంపెనీ మీద నాకు ఏ హక్కూ లేదు, ఏదన్నా జరిగితే కాంట్రాక్టరునే అడుగుతా, చెప్పకుండా తీసేసినా అభ్యంతరం లేదు, ఇదంతా చదివి అర్థం చేసుకుని ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్న అని ఉన్నది. చదివి అర్థం చేసుకున్నానని చదవరాని భాషలో చెప్పించిన్రు. వాడు నవ్విండు. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడొక సంగతి అన్నలు అక్కలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలె. కాగితంలో రాసిందల్లా చట్టం కాదు. 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం పనిలో దెబ్బ తగిలితే, ప్రాణం పోతే, కాంట్రాక్టరు మనిషైనా సరే అసలు యజమాని దగ్గర పరిహారం అడగొచ్చు. కట్టినంక ఆ యజమాని కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడా లేదా అన్నది వాళ్ల గొడవ. పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా ఆ రాత చెల్లదని కూడా ఆ చట్టమే చెప్పింది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చినయి. వాటితో మనకున్న పేచీలు వేరే రాస్తాం. కానీ కూలి కట్టే బాధ్యత అసలు యజమాని మీద ఉన్నదన్న సూత్రం ఇప్పుడూ ఉన్నది. ఈ సంగతి కాగితం రాసిన వకీలుకు తెల్వదా? తెలుసు. మనకు తెల్వదన్న ధైర్యంతోనే రాస్తడు.

ఇంతకంటే ఘోరం డ్రైనేజీ సంగతి. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లో నలుగురు చచ్చిపోయిన్రు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో దిగి పైకి రాలేదు. మనుషులను ఇట్లా దించటం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జుర్మానా ఉన్నది. దళితుని చేత పాకీ పని చేయించటం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు మురుగుకాలువ చావుకు 30 లక్షలు, శాశ్వత అంగవైకల్యానికి 20 లక్షలు ఇవ్వాలన్నది. 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించటం ఆపాలని ఆదేశించింది.

2023 తీర్పులో మనం పట్టుకోవాల్సిన మాట ఇంకొకటున్నది. ఇట్లాంటి పనులకు ఒక మాదిరి కాంట్రాక్టు పత్రం తయారుచెయ్యాలని, ప్రమాదం జరిగితే కాంట్రాక్టరుకు ఆ కాంట్రాక్టు పోయేట్టు, అతన్ని బ్లాక్‌లిస్టులో పెట్టేట్టు అందులో రాయాలని కోర్టు చెప్పింది. అంటే ఏమిటి? మనిషి ప్రాణం ఆ కాంట్రాక్టు కాగితంలోనే పోతుందని సుప్రీంకోర్టుకు కూడా అర్థమైంది. 'పూర్తి బాధ్యత కాంట్రాక్టరుదే, మాకు సంబంధం లేదు' అన్న ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఉన్నదన్న ధీమాతోనే పైనున్నోళ్లు గ్యాస్ మీటరు అడగరు, మోకు అడగరు, మిషను అడగరు. శవం పైకి తీసినంక ఆ వాక్యం చూపిస్తరు.

మన పిల్లలు చదువుకుని ఆఫీసుల్లో కుర్చీల్లో కూసుంటున్నరు కదా, వాళ్లకైనా ఈ బాధ తప్పిందా? తప్పలేదు. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో, జనం చూడని నాలుగు గోడల నడుమ చేసిన కులదూషణ అట్రాసిటీ చట్టంలోని ఆ సెక్షన్ కిందికి రాదన్నది. ఆఫీసు క్యాబిన్‌కు నాలుగు గోడలుంటయి. తలుపు మూసి తిట్టినోనికి ఆ తీర్పును అడ్డం పెట్టుకోమని చెప్పటానికి లోపల వకీలుంటడు, తిట్టు తిన్నోనికి చెప్పేటోడు ఉండడు. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకు కంపెనీలో కమిటీ ఉండాలని 2013 చట్టం ఉన్నది. అది పోరాడి తెచ్చుకున్నది, నిలబెట్టుకోవలసింది. కుల వేధింపుకు అట్లాంటి కమిటీ ప్రైవేటు కంపెనీలో ఉండాలన్న చట్టం ఈ దేశంలో ఇంకా లేదు.

సముద్రం దాటి పోయినా కులం వీసా లేకుండానే వెంట వస్తుంది. అమెరికాలోని సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరుకు వివక్ష జరిగిందని 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే కేసు వేసింది. ఆ ఇంజనీరు కంపెనీ లోపల ఫిర్యాదు చేస్తే, కులవివక్ష చట్టవిరుద్ధం కాదని లోపలి విచారణ వాళ్లు చెప్పినట్టు ఆ దావాలో ఆరోపించిన్రు. కంపెనీ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఇద్దరు మేనేజర్ల మీది కేసును 2023లో ఆ శాఖే వెనక్కు తీసుకున్నది. తప్పొప్పుల సంగతి అట్లుంచి కంపెనీ వకీళ్లు పట్టిన తోవ చూడండి. బహిరంగ కోర్టులో వద్దు, మూసిన గదిలో మధ్యవర్తి ముందు తేల్చుకుందామన్నరు. ఉద్యోగంలో చేరేనాడు సంతకం పెట్టించుకున్న కాగితమే దానికి ఆధారం. 2022 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు కుదరదన్నది. దావా వేసింది ప్రభుత్వ శాఖ, అది ఏ కాగితం మీదా సంతకం చెయ్యలేదన్నది. చూసిన్రా? గచ్చిబౌలి హౌస్‌కీపింగు పిల్లగాడికైనా, కాలిఫోర్నియా ఇంజనీరుకైనా ఉచ్చు ఒక్కటే. చేరేనాటి సంతకం.

మరి ఈ లోపలి వకీలు ఎవరి మనిషి? చట్టం మనిషా, యజమాని మనిషా? ఈ ప్రశ్న మనం ఒక్కళ్లమే అడగటం లేదు. అమెరికాలో 2001లో ఎన్రాన్ అనే కంపెనీ దొంగలెక్కలతో కుప్పకూలినంక 2002లో చట్టం చేసిన్రు. కంపెనీ వకీలు లోపల మోసం చూస్తే కంపెనీలోని పై పెద్దలకు, వాళ్లు వినకపోతే బోర్డుకు చెప్పి తీరాలన్నరు. మన హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్ ఉండేది. ఆడిటర్లు, డైరెక్టర్లు, కాగితం తెలిసిన పెద్దమనుషులు అందరూ ఉన్నరు. చివరికి 2009 జనవరి 7న చైర్మనే ఉత్తరం రాసి ఒప్పుకుంటే గానీ 5 వేల కోట్లకు పైగా లేని సొమ్మును ఉన్నట్టు చూపించిన సంగతి లోకానికి తెల్వలేదు. ఉప్పు తిన్న ఇంట్లో నిజం చెప్పటం అంత కష్టం. కోటీశ్వరుల షేర్లు మునుగుతుంటేనే నోరు పెగలనోళ్లు, ఊడ్చే అక్క కూలి కోసం పెగులుతారా?

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలె. కంపెనీలో వకీలు ఉండటమే పాపమని మేమనటం లేదు. మంచి వకీలు లోపలుంటే మనిషిని మ్యాన్‌హోల్‌లో దించొద్దని, జైలుకు పోతారని యజమానికి ముందే చెప్పగలడు. అట్లా చెప్పేటోళ్లు ఉంటారు. వాళ్లకు దండం. మన పిల్లలు కూడా ఉస్మానియాలో, పడాలలో, ఇంకా పెద్ద లా కాలేజీల్లో చదివి ఈ కొలువుల్లోకి పోతున్నరు. పోవాలె కూడా. తరతరాలు చదువుకు దూరం పెట్టినోళ్లం, మంచి జీతం వద్దని మన పిల్లలకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ తమ్ముడూ, చెల్లే, నిన్నొక్కటి అడుగుతున్నం. రేపు నీ బల్ల మీదికి ఒక కాంట్రాక్టు కాగితం వస్తుంది. 'మాకు సంబంధం లేదు' అన్న వాక్యం నీ చేత్తో రాయమంటరు. ఆ వాక్యం కింద నీ మేనమామ ఉన్నడో లేడో ఒక్కసారి చూసుకో. గ్యాస్ మీటరు, మాస్కు, మిషను ఉండాలన్న షరతు నువ్వే రాయి. తెలుగు ప్రతి ఇవ్వాలన్న షరతు నువ్వే రాయి. అది రాసేందుకు నీకు చట్టం తోడున్నది.

వకీలు ఎట్లుండాలెనో మనకు చూపించి పోయినోళ్లున్నరు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపితే బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి బాధితుల దగ్గరికి పోయిండు. సర్కారు ఉప్పు వదులుకుని జనం ఉప్పు తిన్నడు. పోలీసులు పట్టుకుంటే మామూలు మనిషి ఏం చెయ్యాలెనో తెలుగులో పుస్తకం రాసిండు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని జనం పట్టుబట్టిన్రు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు నడిచింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అదే ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. చుండూరులో న్యాయం పూర్తిగా దక్కిందని చెప్పలేం. కానీ వకీలు వాడలోకి వస్తే, కోర్టు వాడకు వస్తే, సాక్షి భయం లేకుండా నిలబడగలడని చుండూరు చూపించింది.

అయినా ఒక లోటున్నది. మన వకీలు ఎప్పుడూ చావు తర్వాతే వచ్చిండు. వాళ్ల వకీలు చావుకు ముందే ఉన్నడు. ఈ వరస మారాలె. కంపెనీకి ఇంటి వకీలుంటే మన వాడకు వాడ వకీలుండాలె.

అది ఎట్ల? చేతనైన పనులు చెపుతున్నం. సంఘం కార్యకర్తలు ప్రతి బస్తీలో, ప్రతి వాడలో కాగితం చదివే ఒక మనిషిని నిలబెట్టాలె. ఇంటర్ చదివిన చెల్లె అయినా సరే. ఎవరు పనిలో కుదిరినా సంతకానికి ముందు ఆ కాగితం ఫొటో ఆమెకు చేరాలె. తెల్ల కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే 'నాకు చదివి వినిపించలేదు' అని తెలుగులో రాసి పెట్టండి. గుర్తింపు కార్డు, గేటు పాసు, జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు దాచుకోండి. పని చెప్పింది ఎవరు, కంపెనీ మేనేజరా కాంట్రాక్టరా అన్నది తేదీతో సహా నోటుబుక్కులో రాసుకోండి. ఫోన్‌కు వచ్చిన మెసేజీలు చెరపొద్దు. కాంట్రాక్టు నాటకమని రేపు కోర్టులో రుజువు చేసేది ఆ నోటుబుక్కే.

జీహెచ్ఎంసీ, జలమండలి లాంటి సర్కారు సంస్థల కాంట్రాక్టు కాగితాలు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు. అడగండి. మీ గల్లీలో డ్రైనేజీ పని పట్టిన కాంట్రాక్టు తెప్పించి సుప్రీంకోర్టు చెప్పిన షరతులు అందులో ఉన్నాయో లేదో బస్తీ మీటింగులో చదవండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు సంపాదనతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలె. ఆ దఫ్తరు పురానీ హవేలీలోనే, సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే ఉన్నది. ఫోన్ నంబరు 15100. అది భిక్ష కాదు, హక్కు. ఒక్కళ్లుగా పోతే రేపు రమ్మంటరు. పదిమందిగా పోండి.

లా చదివిన మన పిల్లలు పదిహేను రోజులకో సాయంత్రం తమ వాడకు ఇవ్వాలె. కొలువు ఎక్కడ చేసినా సరే. కూలి కాగితం ప్రతి ఒక్కటీ తెలుగులో, ఉర్దూలో ఉండాలని, ప్రైవేటు కంపెనీల్లో కుల వేధింపు ఫిర్యాదులకు కమిటీ ఉండాలని మనం సర్కారును నిలదీయాలె.

పట్వారీ కలం గడిలో ఉన్ననాడు మనకు అక్షరం లేదు. ఇవాళ ఉన్నది. కంపెనీ కాగితం రాసే లోపలే మన కాగితం మనం రాసుకుందాం.

జై భీమ్!